మధ్యాహ్నం గీత

జయకుమారి టీచరుకు ఊళ్ళో రెండు విషయాల్లో ఎదురు లేదు. ఒకటి పండుమిరప పచ్చడి, రెండోది హనోకు కేసు. పచ్చడి సంగతి తిన్నవాళ్ళు చెబుతారు. కేసు సంగతి మాత్రం ఆమే చెప్పుకోవాలి. అడిగినా అడక్కపోయినా చెబుతూనే ఉండేది.

మార్టూరు దాటి, రాయి పాలిషింగు యూనిట్ల వరస అయిపోయి, మిరపచేలు మొదలయ్యేచోట ఉంటుంది ఆ ఊరు. మూడేళ్ళ కిందట ఫిబ్రవరిలో, కాయకోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు, రెండో తరగతి చదివే హనోకు బడి నుంచి ఇంటికి రాలేదు. మూడోనాడు పాత క్వారీ గుంటలో కనిపించాడు. నీళ్ళలో పడకముందే ప్రాణం పోయిందని డాక్టర్లు తేల్చారు. ఎవరు తీశారన్నది తేలలేదు. సీఐ మారాడు, ఎస్సై మారాడు, ఫైలు మాత్రం ఉన్నచోటే ఉంది. పోలీసులు వదిలేశాక కేసును ఊరు పట్టుకుంది.

జయకుమారి భర్త ఫిలిప్ లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన లెక్కలో అది లారీవాళ్ళ పని. ఆ రోజు ఒంటిగంటకు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కొత్త లారీ ఒకటి ఆగి, మూడు కాకముందే వెళ్ళిపోయిందట. లోకంలో జరిగే చెడ్డపనులన్నీ ఏదో ఒక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే జరుగుతాయని ఆయన నమ్మకం. బడి కమిటీ ఛైర్మన్ యలమందయ్య మిరప రైతు. ఆయనది గుప్తనిధుల కోసం బలి ఇచ్చారన్న వాదం. ఆ రోజు మిట్టమధ్యాహ్నం క్వారీ గట్టుమీద ముక్కూమొహం తెలియని ముగ్గురు నిమ్మకాయలు పెట్టుకుని కూర్చోవడం తాను కళ్ళారా చూశానంటాడు. మజ్జిగలోకి పిండుకోవడానికి తెచ్చుకున్నారేమో అంటే, మజ్జిగ కాయ మొహం వేరు, పూజ కాయ మొహం వేరు అని కోప్పడతాడు.

ఈ ఇద్దరినీ జయకుమారి ఒకే దెబ్బతో పడగొట్టేది. ఆ దెబ్బ పేరు రెండో తరగతి హాజరుపట్టీ. ఆ తరగతి టీచరు ఆమే. పిల్లవాడు పొద్దున వస్తే పేరుకు ఎదురుగా ఒక ఏటవాలు గీత, మధ్యాహ్నం భోజనాలయ్యాక మళ్ళీ పేరు పిలిచి దానిమీద అడ్డగీత. రెండూ కలిస్తే పూర్తి హాజరు. ఆ రోజు హనోకు పేరుకు ఎదురుగా రెండు గీతలూ ఉన్నాయి. అంటే నాలుగు గంటలకు బెల్లు కొట్టేదాకా పిల్లవాడు బడిలోనే ఉన్నాడు. మూడింటికే పోయిన లారీ, మిట్టమధ్యాహ్నపు నిమ్మకాయలు ఏం చేస్తాయి? పోలీసులకు చూపించింది కూడా ఆ పట్టీనే. నాలుగు తర్వాత ఎక్కడున్నావు, ఎవరితో ఉన్నావు అని ఊరందర్నీ వాళ్ళు పీక్కుతిన్నది దాన్ని పట్టుకునే. ఆ మాట వచ్చినప్పుడల్లా జయకుమారి కళ్ళజోడు సవరించుకునేది.

మరి ఆమె వాదం ఏమిటి? అది రెండువందల పేజీల నోటుబుక్కులో, మార్జిన్ గీసి, ఎర్రసిరా శీర్షికలతో ఉంది. నాలుగింటికి పిల్లలు వెళ్ళారు. హెడ్మాస్టరు శివరామకృష్ణ బండెక్కి అద్దంకి వెళ్ళిపోయాడు. జయకుమారి ఇంటికొచ్చి టీ పెట్టుకుంది. బడిలో మిగిలింది ఎవరు? మధ్యాహ్న భోజనం వండే లక్ష్మీదుర్గ. గిన్నెలు తోముకుంటూ ఐదింటిదాకా ఉండేది. హనోకు ఎప్పుడూ ఆ వంటశాల గుమ్మంలోనే తచ్చాడేవాడు. ఆ తర్వాత లక్ష్మీదుర్గ దర్శి దగ్గర పుట్టింటికి పోయి పదిహేను రోజులు రాలేదు. పదిహేను అంకె కింద జయకుమారి రెండు గీతలు గీసింది. ఇన్నేళ్ళ సర్వీసులో పిల్లల వ్యాసాలకు ఎన్నడూ పడని శ్రద్ధ అది.

నోటుబుక్కు నోటుబుక్కుగా ఉన్నంతకాలం ఎవరికీ నష్టం లేకపోయింది. చిక్కంతా శుక్రవారం కూటంలో వచ్చింది.

చర్చి స్త్రీల సమాజం ప్రతి శుక్రవారం ఒకరింట్లో కూడుతుంది. సెక్రటరీ జయకుమారే. అక్కడ ఎవరూ ఎవరిమీదా చాడీలు చెప్పరు, ప్రార్థనాంశాలు చెబుతారు. ఫలానా ఇంట్లో తాగుడు బంధకం తెగిపోవాలని ఒకరు, ఫలానా కోడలికి నోటిమీద కాపుదల కావాలని ఒకరు. రాసుకునేది సెక్రటరీ. ముందుగా దీనమ్మ సాక్ష్యం ఉంటుంది. ఆమె మనవరాలు క్రిస్టీనా హనోకుతో ఒకే తరగతి. ఆ రోజు పిల్లకు ఒళ్ళు కాలిపోతుంటే టీచరమ్మ కబురుపెట్టిందని, తాను భోజనాల వేళకు పోయి ఎత్తుకొచ్చానని, దేవుడు జ్వరమిచ్చి మరీ బిడ్డను తప్పించాడని దీనమ్మ మూడేళ్ళుగా, వారం తప్పకుండా, ఏడుస్తూ చెబుతోంది. కేసుకు ఏమాత్రం పనికిరాని సాక్ష్యమని జయకుమారి ఆ సమయంలో పోయినవారం అంశాలు సరిచూసుకునేది.

క్రిస్మస్ వెళ్ళాక మొదటి కూటంలో జయకుమారి తన వంతు అంశం చెప్పింది. పసిపిల్లలకు అన్నం వండే చేతులు ఎలాంటివో దేవుడు బయటపెట్టాలని ప్రార్థించమంది. పేరు చెప్పలేదు. పేరు చెప్పకపోవడం తన పెద్దమనసని ఇంటికి వెళ్తూ అనుకుంది కూడా.

ప్రార్థన వెంటనే పనిచేసింది. సోమవారం పదిమంది పిల్లలు ఇంటినుంచి క్యారేజీలు తెచ్చుకున్నారు. ఆ పైవారం ముప్ఫైమంది. లక్ష్మీదుర్గ వండిన అన్నం వండినట్టే ఉండిపోతుంటే హెడ్మాస్టరు అది గేదెలకు పోయించాల్సి వచ్చింది. ఆఖరికి ఆ చేతివంట తినేవాళ్ళు ఆరుగురు మిగిలారు. ఆ ఆరుగురిలో ఒకతి హనోకు చెల్లెలు జెస్సీ. ఆ ముక్క మాత్రం నోటుబుక్కులోకి ఎక్కలేదు.

లక్ష్మీదుర్గను మార్చాలని తల్లిదండ్రులు సంతకాలు పెట్టారు. శనివారం కమిటీ మీటింగు. గురువారం సాయంత్రం లక్ష్మీదుర్గ జయకుమారి ఇంటి మెట్టు కింద నిలబడింది. భర్త లేడు, కూతురు పొన్నూరులో నర్సింగు చదువుతోంది, ఈ పని పోతే మళ్ళీ ఎండలో కాయకోతలకే పోవాలి. అదంతా ఆమె చెప్పలేదు, జయకుమారికి తెలిసిందే. ఆమె చెప్పింది వేరు.

"నా మీద ఎవురు పుట్టిచ్చారో నాకు తెలవదు టీచరుగారండీ. మీ మాటంటే ఊరంతా ఇంటారు. మీరొక్క మాట సెప్పండి."

"ప్రార్థన చేస్తాలే," అంది జయకుమారి. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఎక్కడ చూడాలో తెలియక గోడవతల తులసిమొక్క మీదకు పోయింది చూపు. అది పక్కింటివాళ్ళది.

శుక్రవారం మధ్యాహ్నం యలమందయ్య ఫోను చేశాడు. ఏ మాటైనా కాగితం మీద ఉంటే బలంగా ఉంటుందని, ఆనాటి హాజరుపట్టీ పట్టుకురమ్మని చెప్పాడు. తన పట్టీకి ఇన్నాళ్ళకు గౌరవం దక్కిందని జయకుమారి బడి బీరువా తాళం తీసింది. అడుగు అరలో, చీమలు పెట్టిన మట్టి దులిపి, ఆ ఫిబ్రవరి పేజీ తెరిచింది.

హనోకు వరస దొరికింది. ఆ తేదీ గడి దొరికింది. రెండు గీతలూ ఉన్నాయి. తృప్తిగా మూయబోయింది. వేలు ఇంకా అక్కడే ఉంది. హనోకు పైవరస క్రిస్టీనాది. ఆ గడిలోనూ రెండు గీతలే.

ఒళ్ళు కాలిపోతుంటే భోజనాల వేళకే ఎత్తుకుపోయిన క్రిస్టీనా, మధ్యాహ్నం హాజరు ఎలా పలికింది?

జయకుమారి కుర్చీలో కూర్చుంది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. ఆ తేదీ కింద పై నుంచి అడుగుదాకా గీతలన్నీ ఒకే సిరా, ఒకే ఒరవడి. వచ్చిన పిల్లలందరికీ పొద్దున్నే ఒక్క ఊపున రెండేసి గీతలు పెట్టేసింది. ఆ రోజే కాదు, పని ఎక్కువున్న రోజుల్లో అలాగే పెట్టేది. ఆ మాటకొస్తే పని తక్కువున్న రోజుల్లోనూ. పిల్లలు పొద్దున వస్తే సాయంత్రందాకా ఎక్కడికి పోతారు అనుకునేది. తెలిసి చేసింది కాదు, తెలియక చేసిందీ కాదు. కూరలో ఉప్పు వేసినట్టు, చెయ్యి చేసుకుపోయిన పని. దీనమ్మ పాపం ఆ సంగతి మూడేళ్ళుగా వారం వారం ఏడ్చి చెబుతుంటే తను అంశాలు సరిచూసుకుంది.

భోజనాలయ్యాక హనోకును చూసిందా? కళ్ళు మూసుకుని వెతుక్కుంది. గుడ్డు కోసం పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడటం కనిపించింది. ఎర్ర చొక్కా, తెగిన చెప్పు. ఆ తర్వాత ఏమీ లేదు. ఎంత వెతికినా లేదు. మూడేళ్ళపాటు లారీని, నిమ్మకాయల్ని, పోలీసుల్ని ఆపింది ఆ పిల్లవాడి హాజరు కాదు, తన చేతి అలవాటు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చింది, దాన్ని చక్కగా కూర్చోబెట్టి మర్యాద కూడా చేసింది. ఆరేళ్ళ సర్వీసు మిగిలుంది. తప్పుడు హాజరంటే మెమోతో పోదు. పోతే పోయేది ఒక వంటమనిషి పని. మెట్టు కింద నిలబడ్డ మనిషి గుర్తొచ్చి, పట్టీని చీరకొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. ఆ రాత్రి ఫిలిప్ పచ్చడి అడిగితే ఉప్పు డబ్బా ఇచ్చింది.

శనివారం పది గంటలకు కమిటీ అంతా ఐదో తరగతి గదిలో పిల్లల బెంచీల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. హనోకు తల్లి ఎస్తేరు కూడా జెస్సీ తరఫున కమిటీలో ఉంది. కాయల తొడిమలు తీసే పనికి సెలవు పెట్టి వచ్చి, గోడవైపు కూర్చుంది. తలుపు దగ్గర లక్ష్మీదుర్గ నిలబడింది. యలమందయ్య గొంతు సవరించుకుని, మేడంగారు కాగితం చూపిస్తారని ప్రకటించాడు.

జయకుమారి లేచింది. రాత్రంతా తయారుచేసుకున్న ఉపన్యాసం పోయింది.

"ఈ గీతలు నేను మధ్యాహ్నం పెట్టలేదు," అంది. "పొద్దున్నే పెట్టేశాను. క్రిస్టీనా ఇంటికిపోయినా ఉన్నట్టే రాశాను. హనోకు మధ్యాహ్నం ఉన్నాడో లేదో నాకు తెలియదు. మూడేళ్ళనుంచి తెలుసని చెబుతున్నాను. లక్ష్మీదుర్గ మీద మాట పుట్టించింది కూడా నేనే. ప్రార్థనాంశం పేరు పెట్టి."

 హెడ్మాస్టరు శివరామకృష్ణ మెల్లగా చెయ్యి చాపి, బల్లమీదున్న తన తరగతి పట్టీని మూసి మోచెయ్యి దానిమీద పెట్టుకున్నాడు.

ముందుగా తేరుకున్నది యలమందయ్య. "అయితే మేడంగారూ," అన్నాడు, మొహం వెలిగిపోతుంటే ఆపుకోలేక, "నా నిమ్మకాయలు సరైన టయానికే ఉన్నట్టేగా?"

కిటికీ బయట ఫిలిప్ ఉన్నాడని ఎవరికీ తెలియదు. లారీ కూడా ఉన్నట్టేనని అక్కడినుంచి వినిపించింది. ఇంకొకాయన ముందుకు వంగి, టీచరమ్మ ఇన్నాళ్ళు ఎందుకు దాచింది, ఎవర్ని కాయడానికి దాచింది అని పక్కవాడి చెవిలో గట్టిగానే అన్నాడు. అలా రెండు నిమిషాల్లో జయకుమారి తన సొంత కేసులోకి ముద్దాయిగా వచ్చి చేరింది. వాదంలో లోపాలున్నాయి గాని, తన నోటుబుక్కుకంటే తక్కువేమీ కాదని ఆమెకే అనిపించింది.

ఎస్తేరు మాత్రం ఈ మాటలేవీ విన్నట్టు లేదు. "ఆ రోజు వాడు అన్నం తిన్నాడా?" అని అడిగింది. ఎవర్ని అడిగిందో తెలియలేదు.

 వాడు వరసలో నిలబడటం జయకుమారి చూసింది గాని, తినడం చూడలేదు. చూడనిది చెప్పడం అప్పటికి కొద్ది నిమిషాల కిందటే మానేసింది.

"తిన్నాడమ్మా," అంది తలుపు దగ్గరనుంచి లక్ష్మీదుర్గ. "రెండు గుడ్లు తిన్నాడు. క్రిస్టీనా జొరమొచ్చి తిన్లా. దాని గుడ్డు వాడే అడిగి పెట్టిచ్చుకున్నాడు. పళ్ళెం కడిగి నాకిచ్చి, బయటికి పోయాడు. మళ్ళీ నేను సూళ్ళా."

"ఈ మాట పోలీసోళ్ళకి ఎందుకు చెప్పలా?" అన్నాడు యలమందయ్య.

"నాలుగైనాక సంగతే అడిగారు అందరూ. అన్నం సంగతి ఎవురడిగారు?"

ఎస్తేరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసి, "రెండు తిన్నాడు," అని తనలో తాను అనుకుంది.

లక్ష్మీదుర్గను మార్చే తీర్మానం ఎవరూ చదవలేదు. యలమందయ్య ఆ సంతకాల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. హెడ్మాస్టరు, ఇదంతా రికార్డులో రాయమంటారా మేడం అని బతిమాలుతున్నట్టు అడిగాడు. రాయమంది. ఇంకెవరైనా ఏదైనా అడిగేలోపు ఎస్తేరు లేచి, పోలీస్ స్టేషనుకు పోదాం పదమంది. పొయ్యిమీద ఎసరు ఉందని లక్ష్మీదుర్గ ఆగింది. దించి రమ్మని, సోమవారం నుంచి తన పళ్ళెం కూడా పెట్టమని జయకుమారి చెప్పింది. అది క్షమాపణ కిందికి వస్తుందో రాదో ఆమెకు తెలియలేదు. లక్ష్మీదుర్గ ఎసరు దించడానికి వెళ్ళింది.

ఆడవాళ్ళు ముగ్గురూ మార్టూరు ఆటో ఎక్కారు. లారీ నంబరులో మొదటి రెండు అంకెలు గుర్తున్నాయని ఫిలిప్ ముందుసీట్లో డ్రైవరు పక్కన ఇరుక్కున్నాడు. మామూలుగా అయితే జయకుమారి ఆయన్ని దింపేసేది. ఆ రోజు వద్దనే హక్కు తనకు లేదనుకుంది.

కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు అందరికీ దగ్గొచ్చింది.  పాలిషింగు యూనిట్ల దగ్గర ఎస్తేరు చెయ్యి చాపి పట్టీ అడిగింది. ఒళ్ళో పెట్టుకుని, పేజీ తెరిపించుకుని, కొడుకు వరస ఏదో చూపించమంది. చదువు రాని వేలు ఆ చిన్న గడిమీద ఆగింది.

"ఈ రెండిట్లో మీరు వాణ్ణి చూసి పెట్టింది ఏది టీచరమ్మా?"

జయకుమారి మొదటి గీత చూపించింది. ఎస్తేరు స్టేషను వచ్చేదాకా వేలు దానిమీదనుంచి తియ్యలేదు.