ముసలావిడ ఎందుకు నవ్వింది?

ఆమె ఏళ్ల తరబడి టీవీలో విలేకరిగా పనిచేసింది. ఒకసారి వరదకు ఇల్లు కూలిపోయిన ఒక ముసలావిడ, కెమెరా ముందు ఏడుస్తూ ఏడుస్తూనే ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది. చూసేవాళ్లకు అర్థం కాదని ఎడిటర్ ఆ నవ్వు కత్తిరించి ఏడుపు ఉంచాడు. ఆ నవ్వు మాత్రం విలేకరిని వదల్లేదు. చివరికి దాని మీద నవల రాస్తానని ఉద్యోగం మానేసింది. భర్త నోరెళ్లబెట్టాడు గానీ వద్దనలేదు.

తీరా రాయడానికి కూర్చుంటే వచ్చినవన్నీ వార్తలే. మొదటి పేరాలో ఊరు మునిగేది, రెండో పేరాలో సహాయం అందేది, అక్కడితో కథ అయిపోయేది. ఆమె తల పట్టుకుంది.

ఒక మధ్యాహ్నం ఆ కాగితాలే అత్తగారికి చదివి వినిపించింది. కథలంటే చెవి కోసుకునే ఆవిడ, బఠాణీలు ఒలుస్తూ ఆసాంతం విన్నది.

"అంతా బానే ఉందమ్మా. ఇంతకీ ఆవిడెందుకు నవ్వింది?"

"నాకేం తెలుసత్తయ్యా? అడిగే టైమే దొరకలేదు."

"అడగలేదు సరే. ఇప్పుడు నువ్వు చెప్పు."

తెలియనిది చెప్పకూడదన్నది ఆమెకు ఒంటపట్టిన పాఠం. తడబడుతూనే మొదలుపెట్టింది. ఆ ఇంటి గోడ ఒకటి వంకరగా ఉందని ముసలావిడ కాపురానికొచ్చిన నాటి నుంచీ సణిగేదనీ, దాన్ని కట్టిన మొగుడేమో చచ్చేదాకా ఒప్పుకోలేదనీ, వరదొస్తే ముందు ఆ గోడే పడిందనీ చెప్పింది.

"నే చెప్తూనే ఉన్నానా అని నవ్వింది, అంతేగా!" అంటూ అత్తగారు పడీపడీ నవ్వింది. ఒళ్లోని బఠాణీలన్నీ నేలపాలయ్యాయి. నవ్వు ఆగాక, మామగారు వంకరగా బిగించిన బీరువా తలుపు సంగతి ఎత్తుకుంది. అది కూడా నవలలోకి వెళ్లింది.

అప్పటినుంచి మధ్యాహ్నాలన్నీ అలాగే గడిచాయి. ఒకరు అడగడం, ఒకరు కల్పించడం. ఆ ధ్యాసలో కూరలో ఉప్పు ఎవరూ వేసేవారు కాదు. భర్త తనే ఉప్పు కలుపుకుని తినేవాడు.

నవల పూర్తయ్యాక ఒక ప్రచురణకర్తకు పంపారు. కొన్నాళ్లకు ఆ ప్రచురణకర్త ఫోన్ చేసి, గోడ పడిన చోట బస్సులో అందరి ముందూ పైకే నవ్వేశాననీ, పుస్తకం వేస్తున్నామనీ చెప్పింది. ఊరంతటికీ వార్తలు చెప్పిన మనిషి, ఈ వార్తను మాత్రం మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. అత్తగారు ఫోన్ లాక్కుని, "సరేనమ్మా, వెయ్యండి" అనేసింది.

విడుదల సభలో అత్తగారు ముందు వరసలో కూర్చుంది. పక్కనున్నావిడకు ముగింపు చెప్పబోతుంటే, కోడలు వేదిక మీంచే కళ్లతో బతిమాలింది. ఆవిడ ఆగింది గానీ, రెండో నవలలో ఎవరు ఎవర్ని పెళ్లి చేసుకుంటారో చెప్పేసింది. ఆ నవల ఇంకా మొదలే కాలేదు.

ఇంటికెళ్లే దారిలో, ఆ పెళ్లి కుదురుతుందా కుదరదా అని ముగ్గురూ కారులో తెగ వాదించుకున్నారు.