గుమ్మం దగ్గర అక్క చెప్పులు

బుల్లి, కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో పనిచేస్తుంది. పొద్దున్నే వెళ్ళి, మైనంలో పళ్ళు వరసగా గుచ్చి, అచ్చులు పోసి, చిన్న ఆకురాయితో నున్నగా అరగదీసి, దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరుతుంది. ఆ చుట్టుపక్కల వయసు మళ్ళినవాళ్ళు ఎవరు నవ్వినా సగం బుల్లి చేతి చలవే. కానీ అది పొట్టకోసం చేసే పని. ఆమె ప్రాణమంతా ముందుగది కిటికీ కింద బల్ల మీద ఉన్న బొమ్మరింట్లో ఉంటుంది.

పేరుకే బొమ్మరిల్లు గానీ అందులో ఒక్క బొమ్మ కూడా లేదు. ఈ సరదా ఉన్నవాళ్ళలో చాలామందికి ఉన్న పట్టింపే అది. మనిషి బొమ్మ పెడితే ఇల్లు కాస్తా ఆటవస్తువైపోతుందని వాళ్ళ బాధ. అందుకని మనుషుల బదులు వాళ్ళ ఆనవాళ్ళు పెడతారు. ఎవరో ఇప్పుడే లేచి పక్కగదిలోకి వెళ్ళినట్టుండాలి. బుల్లి చేసింది తాము ఉంటున్న ఇంటినే. మేకుకి వేలాడే టోపీ ఆమె భర్తది. ఆయన ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూస్తాడు. మంచం మీద బోర్లించిన పుస్తకం కాలేజీకెళ్ళే కూతురిది. బల్ల మీద మడిచిన కళ్ళజోడు బుల్లిదే. గుమ్మం పక్కన అరిగిన చెప్పుల జతా, వంటగట్టు మీద సాసరు బోర్లించిన టీ కప్పూ వాళ్ళతోనే ఉండే ఆమె అక్కవి.

బొమ్మరింట్లో ఏది ఎలా ఉంటే అసలింట్లోనూ అలాగే ఉండేది. దాన్ని గురించి ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకున్నది లేదు. అలమర పిడి ఊడితే భర్త వడ్రంగిని పిలిచేవాడు కాదు, "ఏమోయ్, అక్కడ ఓ చుక్క జిగురు పెట్టు" అనేవాడు. పైకప్పు కారితే ఇంటి ఓనరు మేస్త్రీని వెతక్కుండా బుల్లికే ఫోను చేసేవాడు. "మగాళ్ళు చిన్నిల్లు పెట్టడం విన్నాం గానీ, మా ఇంట్లో ఆవిడ పెట్టింది" అని భర్త వచ్చినవాళ్ళందరి దగ్గరా అదే జోకు వేసేవాడు. వచ్చినవాళ్ళు మర్యాదకి నవ్వేవాళ్ళు.

అక్క బట్టల దుకాణంలో పొడుగులు తగ్గించి, నడుములు వదులు చేసే పని చేస్తుంది. వెనకగది ఆమెది. తల్లి పోయాక బుల్లిని పెంచింది ఆమే. చిన్నప్పుడు బుల్లిని చంకనేసుకుని మెట్లు దిగుతూ జారింది. పిల్లని కింద పడనివ్వకూడదని గట్టిగా పట్టుకుని తన కాలు విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది గానీ నడక అతకలేదు. అప్పటినుంచీ కాస్త కుంటుతుంది, ఎన్ని జతలు మార్చినా ఒక చెప్పు మడమ అరిగిపోతుంది. ఇక ఆమె నోరంటారా, కత్తికి రెండువైపులా పదును. కూరలో ఉప్పు దగ్గర్నుంచి కూతురి జడ దాకా ఆమె చేత మాటపడని వస్తువు ఆ ఇంట్లో లేదు.

ఆ ఏడు బొమ్మరిళ్ళ ప్రదర్శన పెట్టే సంఘం వాళ్ళు బుల్లి ఇంటిని చూడటానికి వచ్చారు. వాళ్ళ పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, వంగి, చాలాసేపు చూశాడు.

"పనితనం అద్భుతమమ్మా. కానీ గుమ్మం దగ్గర ఈ చెప్పులేమిటి? చూపు వాటికే తట్టుకుని పడిపోతోంది. తీసెయ్యండి, మొదటి బహుమతి మీదే."

వెనకగదిలోంచి అక్క గొంతు ఖంగుమంది. "తలకి రంగేసుకునే వయసొచ్చినా దీనికి బొమ్మలాట తప్పలేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, ముందు అది చూడమనండి బాబూ!"

సంఘం వాళ్ళు ముసిముసిగా నవ్వారు. బుల్లికి తల కొట్టేసినట్టయింది.

వాళ్ళు వెళ్ళాక పట్టకారు తీసుకుని గుమ్మం దగ్గర చెప్పులు తీసేసింది. తెలియక చేసిందని అనడానికి లేదు. తెలిసే చేసింది. ఊరుకుందా, సాసరు పెట్టిన టీ కప్పు కూడా తీసింది. వెనకగదిలో అక్క మంచం పెకలించి, అక్కడ తనకి ఎప్పటినుంచో కావాలనుకున్న పనిబల్ల ఒకటి చేసి అతికించింది. కప్పునీ మంచాన్నీ సొరుగులో దాచింది. చెప్పులు మాత్రం మైనం ముక్కల్లో కలిసి చెత్తబుట్టలోకి పోయాయి.

మర్నాడు పనికి వెళ్ళిన అక్క సాయంత్రం తాళంచెవి తీయలేదు, బెల్లు కొట్టింది. తలుపు తీస్తే కొత్త బిరుసు చెప్పులతో, చేతిలో సంచీతో, గుమ్మం అవతలే నిలబడి నవ్వింది.

"అందరూ కులాసాయేనా అమ్మా?"

"రండి రండి వదినగారూ! ఎన్నాళ్ళకి!" భర్త కుర్చీలోంచి లేచాడు.

"పెద్దమ్మా, ఎప్పుడొచ్చావు? కాఫీ తాగుతావా, టీ తాగుతావా?" అంది కూతురు.

బుల్లి పక్కకి తప్పుకుని అక్కకి దారి ఇచ్చింది. భర్త కూర్చోబోతూ బొమ్మరింటివైపు ఒక్క చూపు చూసి "ఓహో, చెప్పులు తీశావా" అన్నాడు. అంతే. తెలిసినా ఆయన నోటికి "మొహమాటపడకండి, ఇంకాస్త వడ్డించుకోండి" తప్ప ఇంకో మాట రాలేదు.

అక్క సోఫా అంచున కూర్చుని తింది. కూర చాలా బాగుందంది. మంచినీళ్ళ గ్లాసులు ఎక్కడుంటాయని అడిగింది. రోజూ అందరికంటే ముందే లేచి, కప్పుకున్న దుప్పటి మడిచి, సంచీ పక్కన పెట్టుకుని కూర్చునేది. వంటింట్లోకి రావాలంటే గుమ్మం దగ్గర ఆగి "రావచ్చా?" అనేది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. చుట్టాలు నడిచినట్టు అడుగులో అడుగేసి, చప్పుడు కాకుండా, కుంటడం కూడా బయటపడకుండా నడిచేది.

ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేం. బుల్లి సిగ్గుపడాల్సింది అక్కడే. వెనకగదిలో నిజంగానే పనిబల్ల వెలిసింది, పైన దీపం, పక్కన సొరుగులు. దాని ముందు కూర్చుంటే చేతులు వాటంతటవే పనిచేసేవి. ప్రదర్శన అయ్యాక చెప్పులు మళ్ళీ చేసి పెట్టేద్దామనుకుంది. ప్రదర్శన అయింది, మొదటి బహుమతి కూడా వచ్చింది. ఈ కిటికీ రెక్కలయ్యాక పెట్టేద్దామనుకుంది. రెక్కలయ్యాయి, మెట్ల కటకటాలు మొదలయ్యాయి.  ల్యాబులో మాత్రం ఎవరి పళ్ళు చేతిలోకి తీసుకున్నా అవి తనని చూసి ఇకిలిస్తున్నట్టుండేది.

ఒక సెలవురోజు పొద్దున అక్క సంచీ జిప్పు వేసి, ముందుగదిలోకి వచ్చి నిలబడింది.

"చాలా రోజులున్నానమ్మా బుల్లీ. ఇంకా ఉంటే బాగుండదు. బస్సుకి వెళ్ళిపోతాను."

"ఎక్కడికక్కా?"

  అక్క చుట్టాల నవ్వు నవ్వింది. "వచ్చినవాళ్ళకి వెళ్ళే చోటు ఒకటి ఉండకపోతుందా? ఎక్కితే అదే తెలుస్తుంది. స్నానం చేసి బయల్దేరతాను. సబ్బు వాడుకోవచ్చా?"

ఆ సబ్బు మాటతో బుల్లికి తెలిసొచ్చింది. ఈ మనిషికి ఎక్కడా ఎవరూ లేరు. బస్సెక్కిందంటే ఎక్కడ దిగాలో తెలియకుండా దిగుతుంది, ఇక తిరిగిరాదు. బుల్లి పరుగున వెనకగదిలోకి వెళ్ళి, పాత పర్సు కోసి, తోలుముక్కతో చెప్పులు మొదలుపెట్టింది. అట్టలు వచ్చాయి, పట్టీలు వచ్చాయి, తెగిన పట్టీకి అక్క వేసుకున్న నీలందారం కుట్టు కూడా వచ్చింది. అరిగిన మడమ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

ఏ కాలు?

ముందుగదిలోకి వచ్చింది. "ఏమండీ, అక్క ఏ కాలు కుంటుతుంది?"

"కుడి... కాదు కాదు, ఎడమ. ఏమో, నన్నడుగుతావేం? చెల్లెలివి నువ్వా, నేనా?"

కూతురు ఫోను మీంచి తలెత్తింది. "పెద్దమ్మ కుంటుతుందా?"

అసలు చెప్పులు చూద్దామంటే బొమ్మరింటి జతతో పాటే అవీ మాయమయ్యాయి. మనిషిని చూద్దామంటే స్నానాలగదిలోంచి వచ్చిన అక్క తాసులో తూచినట్టు సమంగా అడుగులేస్తోంది. అడగడానికి నోరు రాలేదు. నాకోసం విరిగిన నీ కాలు ఏదక్కా అని ఎవరైనా ఎలా అడుగుతారు? ఎవరో ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి ఏ దవడతో నములుతాడో పన్ను చూసి చెప్పగలదు బుల్లి. అక్కది ఏ కాలో చెప్పలేకపోయింది. ఇన్నేళ్ళూ ఒకే గుమ్మం దాటుతూ ఒక్కసారైనా కిందకి చూసిన పాపాన పోలేదు.

"వస్తానమ్మా. చాలా బాగా చూసుకున్నారు. మళ్ళీ ఎప్పుడైనా ఇటువైపు వస్తే కనపడతాను." గుమ్మంలోంచి అక్క గొంతు. తర్వాత మెట్లు దిగుతున్న కొత్త చెప్పుల చప్పుడు.

ఇక ఆలోచించే వ్యవధి లేదు. బుల్లి కళ్ళు మూసుకుంది. చంక గుర్తొచ్చింది, చెంపకి తగిలే భుజం గుర్తొచ్చింది, మెడ దగ్గర చెమట వాసన గుర్తొచ్చింది. ఏ చంకో గుర్తురాలేదు. ఎడమే అయ్యుంటుందనుకుంది. వెనకగదికి పరుగెత్తి, ఆకురాయి తీసుకుని ఎడమ చెప్పు మడమ అరగదీసింది. పరుగెత్తుకొచ్చి జత బొమ్మరింటి గుమ్మం పక్కన పెట్టింది. కప్పు వంటగట్టు మీద పెట్టి సాసరు బోర్లించింది. వెనకగది పనిబల్ల గట్టి జిగురుతో అతికింది కదా, ఊడి రానంది. గోళ్ళు విరిగేలా పెరికి, ముక్కలుగా పీకి, మంచం దాని చోట పెట్టింది. లోపల ఎక్కడో అసలు బల్ల ఫెళ్ళున విరిగిన చప్పుడైంది.

"మెల్లగానోయ్" అన్నాడు భర్త, పేపరు తిప్పుతూ.

బుల్లి కిటికీలోంచి చూసింది. వీధి చివర స్టాపులో అక్క నిలబడి ఉంది. బస్సు వచ్చి ఆమెకి అడ్డంగా ఆగింది. బుల్లి చువ్వలు పట్టుకుని మునివేళ్ళ మీద లేచింది. బస్సు కదిలిపోయింది. అక్క అక్కడే ఉంది, చేతిలో సంచీని ఇదెందుకన్నట్టు చూసుకుంటోంది. అప్పుడు వెనక్కి తిరిగి కుంటుకుంటూ ఇంటివైపు నడిచింది.

తలుపులో తాళంచెవి తిరిగింది.

"ఏమే, పట్టపగలు నా చేత సంచీ సర్దించి నన్ను ఎక్కడికి తోలేస్తున్నావే? బట్టలన్నీ నలిగి చచ్చాయి. ఏమయ్యా, ఆ పేపరు పక్కన పెట్టి పొయ్యి కట్టెయ్యి, అడుగంటే వాసనొస్తోంది. నువ్వేమిటే, ఎండ నడినెత్తికొచ్చినా ఆ జడా, ఆ వాలకమూ?"

"అబ్బా పెద్దమ్మా!" అంది కూతురు విసుగ్గా. ఆ విసుగు వినగానే బుల్లికి ఏడుపొచ్చింది.

అక్క గుమ్మం పక్కన చెప్పులు విడిచింది, పాతవి, నీలందారం కుట్టువి. కుర్చీలో చతికిలబడి కుడి మోకాలు అటూ ఇటూ ఆడించి చూసింది. వింతగా చూసింది. ఎడమ చీలమండ పట్టుకుని "అబ్బా" అంది. తర్వాత విడిచిన చెప్పుల వైపు చూసింది, బొమ్మరింటి వైపు చూసింది, చివరికి బుల్లి వైపు చూసింది.

"కుడికాలే, పిచ్చిదానా."

బుల్లి ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది. "అక్కా, ఆ రోజు చెప్పులు..."

"నువ్వు తీసేశావని తెలుసు. చుట్టాన్నయ్యానని మతి పోలేదు కదా." గొంతు అక్కదే, తిట్టు మాత్రం లేదు. "ఇది నా ఇల్లేనని రోజూ తెలుస్తూనే ఉందే. ఆ గ్లాసులు నేను తోమినవే. కానీ తీసుకుందామంటే చెయ్యి ముందుకి వచ్చేది కాదు. ఇవాళ పెడతావు, రేపు పెడతావు అని చూశాను."

 బుల్లి లేచి, కళ్ళు తుడుచుకుని, పట్టకారు అందుకుంది. "ఒక్క నిమిషం అక్కా. వేరే జత చేస్తాను, కుడి మడమ అరగదీసి..."

"ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతాను." అక్క కుర్చీ చెయ్యి పట్టుకుని లేచింది. "నువ్వు ఇంకోసారి ఆ గుమ్మం ఖాళీ చెయ్యడం, నేను ఇంకోసారి అవతల నిలబడటం, నావల్ల కాదు. కుడిది ఇన్నేళ్ళు మోసింది, పోనీ దాన్ని సుఖపడనీ."

కొత్త కాలితో కుంటడం ఇంకా అలవాటు కాలేదు. గోడ పట్టుకుని, రెండు చోట్ల తూలి, వంటింట్లోకి వెళ్ళి కూర మూత తీసి రుచి చూసింది. "ఉప్పు కషాయం!" అని అరిచింది.

మర్నాడు బట్టల దుకాణంలో ఎడమకాలు చాపుకునే వీలుగా ఆమె కుర్చీని అటు నుంచి ఇటు జరిపారు, ఎవరూ ఏమీ అడగలేదు. బుల్లి మాత్రం రోజూ సాయంత్రం మెట్ల మీద ఆ అడుగుల చప్పుడు వినగానే చేతిలో పని వదిలేసి తలుపు తీస్తుంది, ఆ కాళ్ళవైపు చూస్తూ. మీ అక్కది ఏ కాలమ్మా అని ఇప్పుడు ఎవరడిగినా తడుముకోకుండా చెబుతుంది. ఎడమకాలు.