మంగళవారం ఫిరంగి

క్లిఫర్డ్ హేగ్ నవ్వితే నార్మన్ సగ్డెన్‌కు ఒళ్ళు మండేది. ఇరవై ఏళ్ళుగా మండుతూనే ఉంది. ఇద్దరిదీ ఉన్ని మిల్లుల ఊరు కాల్డర్‌బెక్కే. మూడు నెలల తేడాతో ఊరి డ్రిల్ హాల్లో పేర్లు రాయించుకున్నారు, ఒకే ఏడాది సార్జెంట్లయ్యారు, చెరొక ఫిరంగికి పెద్దలయ్యారు. ముందు చేరినవాడు నార్మన్. ఆ మూడు నెలల పెద్దరికాన్ని అతను తప్ప లోకంలో ఇంకెవరూ గుర్తుపెట్టుకోలేదు.

వారమంతా నార్మన్ ఉన్ని మిల్లులో మగ్గాలు బాగుచేసేవాడు, క్లిఫర్డ్ ఇంటింటికీ పాలు వేసేవాడు. మంగళవారం సాయంత్రం ఏడయ్యేసరికి ఇద్దరూ ఖాకీ తొడుక్కుని సైనికులైపోయేవాళ్ళు. ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ, దేశం పిలిచిన రోజున యుద్ధానికి వెళ్ళే రిజర్వు ఫిరంగి రెజిమెంటు అది.

దాని చరిత్ర అడిగితే నార్మన్ గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. 1860లో ఫ్రెంచివాళ్ళు దండెత్తి వస్తారని హడలిపోయి మిల్లు యజమానులు పెట్టిన దళం. ఫ్రెంచివాళ్ళు వచ్చారు గాని, ఉన్ని కొనుక్కుని వెళ్ళిపోయారు. మొదటి ఫిరంగుల్ని బీరు కంపెనీ గుర్రాలు లాగేవి. అవి అలవాటు కొద్దీ దారిలో ప్రతి పబ్బు ముందూ ఆగేవి, వాటి వెనక దళమూ ఆగేది. ఆ తర్వాత ఒక యుద్ధంలో ఫ్లాండర్స్ బురద, ఇంకో యుద్ధంలో ఆఫ్రికా ఇసుక తిని వచ్చింది రెజిమెంటు. తిరిగిరానివాళ్ళ పేర్లు హాలు గోడ మీద ఇత్తడి పలకల్లో ఉన్నాయి. కాల్బలానికి జెండా ఉంటుంది, ఫిరంగి దళానికి ఫిరంగే జెండా. దాని మీద టీ కప్పు పెట్టిన మొనగాడు నెల రోజులు హాలు నేల కడగాల్సిందే.

రెజిమెంటుకు బ్యాటరీలనే దళాలు మూడు, మూడు ఊళ్ళలో. బ్యాటరీకి ఎనిమిది ఫిరంగులు. ఫిరంగికి ఆరుగురు మనుషులు. డ్రిల్లులో వాళ్ళకు పేర్లుండవు, నంబర్లే. గురి చూసేవాడు మూడు, గుండ్లు మోసేవాడు ఐదు. వెనక నిలబడి ఆజ్ఞలిచ్చే సార్జెంటు నంబర్ వన్. నార్మన్ ఒంటరివాడు, అక్క ఎథెల్‌తో కలిసి ఉండేవాడు. మిల్లులో అతను ఏ మగ్గానికీ నంబర్ వన్ కాదు, ఇంట్లో అసలే కాదు.

1966లో లండన్ నుంచి కాగితం వచ్చింది. ఖర్చు తగ్గించాలట. రెజిమెంటు మొత్తం కుదించుకుపోయి ఒక్క బ్యాటరీ అవుతుంది, కాల్డర్‌బెక్‌కు ఒక్కటంటే ఒక్క ఫిరంగి మిగులుతుంది. ఒక్క ఫిరంగికి ఒక్క నంబర్ వన్. వయసు మీరిన సార్జెంట్లు మర్యాదగా తప్పుకున్నారు. మిగిలినవాళ్ళు ఇద్దరు. జూలైలో జరిగే ఆఖరి క్యాంపులో ఎవరి ఫిరంగి ఎలా పనిచేస్తుందో చూసి చెబుతానన్నాడు మేజర్ థాక్రే.

ఆ సంగతి నార్మన్ ఇంట్లో చెబితే ఎథెల్ ఉల్లిపాయలు తరగడం ఆపి నిట్టూర్చింది.

“పాపం క్లిఫర్డ్. ఫిరంగి రాకపోతే ఎంత బాధపడతాడో. మొన్న నాకు జలుబు చేసిందని ఒక పాలసీసా ఊరికే ఎక్కువ పెట్టి వెళ్ళాడురా. ఎంత మంచోడో.”

“నేను కూడా పోటీలో ఉన్నానే, అక్కా.”

“నువ్వూ ఉన్నావులే,” అంది ఎథెల్, మళ్ళీ కత్తి అందుకుంటూ.

సొంత అక్క కూడా వాణ్ణే నెత్తిన పెట్టుకుంటే మనిషి ఎక్కడికి పోవాలి? నార్మన్ ఆ రోజు పాలు లేకుండా టీ తాగాడు.

క్యాంపు నార్తంబర్లాండ్ కొండల్లో. వాన పడుతూనే ఉంది. పద్ధతి ఇది: మేజర్ ముందు గుట్ట మీద బైనాక్యులర్ పెట్టుకుని కూర్చుంటాడు. గుండు ఎక్కడ పడిందో చూసి, ఎంత జరపాలో వైర్‌లెస్‌లో చెబుతాడు. వెనక లారీలో కమాండ్ పోస్ట్. అక్కడ ఉన్నవాడు ఆ మాట విని, లెక్క కట్టి, లౌడ్‌స్పీకర్లో ఫిరంగికి అందిస్తాడు. ఉదయం నార్మన్ ఫిరంగి పేలింది. వంక పెట్టడానికి లేదు, మెచ్చుకోవడానికీ లేదు. మధ్యాహ్నం క్లిఫర్డ్ వంతు. ఒక సార్జెంటు పేలుస్తుంటే రెండోవాడిది కమాండ్ పోస్ట్ పని, కాబట్టి అప్పుడు లారీలో కూర్చున్నది నార్మన్.

క్లిఫర్డ్ మొదటి గుండు గురికి నాలుగు వందల గజాలు ముందే పడింది. మేజర్ కూర్చున్న గుట్టకు అదేమంత దూరం కాదు. వైర్‌లెస్‌లో మేజర్ ఏదో చెబుతున్నాడు. సరిగ్గా అప్పుడే ఫిరంగి దగ్గర క్లిఫర్డ్ ఏదో అన్నాడు, అతని ఐదుగురూ ఘొల్లుమన్నారు. గుండు తప్పిపోయినా నవ్వులే. తన మనుషులు తన దగ్గర ఎన్నడూ అలా నవ్వలేదు. నార్మన్ చెవి ఆ నవ్వు మీదే ఉండిపోయింది, మేజర్ మాట జారిపోయింది. అతను వైర్‌లెస్ బటనూ లౌడ్‌స్పీకర్ బటనూ రెండూ ఒకేసారి నొక్కి అన్నాడు: “రిపీట్.”

గన్నర్లు, అంటే ఫిరంగి పేల్చేవాళ్ళు, ఆ మాట అనకూడదు. వినపడకపోతే “మళ్ళీ చెప్పు” అనాలి. వాళ్ళ భాషలో రిపీట్ అంటే ఇందాక పేల్చినట్టే, అక్కడికే, ఇంకోసారి పేల్చు అని ఆజ్ఞ. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి మంగళవారమే ఆ సంగతి తల వాచేలా నేర్పేది ఎవరో కాదు, నార్మనే.

గుండు ఇంకోసారి అక్కడే పడితే గుట్ట మీద ఉన్నవాళ్ళ గతి ఏమిటి? పడకపోతే ఆజ్ఞ మీరింది ఎవరు? ఒకటి, రెండు, మూడు క్షణాలు. ఆ తర్వాత క్లిఫర్డ్ గొంతు వినిపించింది, ఇవాళ ఎన్ని సీసాలు కావాలని అడిగినంత మామూలుగా: “మళ్ళీ చెప్పు, కమాండ్ పోస్ట్.”

నార్మన్ మేజర్‌ను సరైన మాటలతో మళ్ళీ అడిగి, సరైన దూరం అందించాడు. మొత్తం ఒకటిన్నర నిమిషం ఆలస్యం. గడియారం పట్టుకున్నవాళ్ళు దాన్ని క్లిఫర్డ్ ఫిరంగి పేరు కింద రాసుకున్నారు.

సాయంత్రం మెస్‌లో అందరూ మటన్ కూరిన రొట్టెలు తింటుండగా మేజర్ ఆలస్యం సంగతి ఎత్తాడు. క్లిఫర్డ్ లేచి నిలబడ్డాడు.

“నా చెవే సార్. ఇరవై ఏళ్ళు ఫిరంగి పక్కన పెట్టిన చెవి కదా, అప్పుడప్పుడూ సెలవు అడుగుద్ది.”

అందరూ నవ్వారు. నార్మన్ నోరు తెరిచాడు. నోట్లో రొట్టె ఉంది. నమిలి మింగేసరికి మేజర్ వేరే మాటలోకి వెళ్ళిపోయాడు, నార్మన్ కూడా హాయిగా వెళ్ళనిచ్చాడు. రిపీట్ అన్న మాట తనకు నోరు జారి వచ్చిందా, కావాలనే వచ్చిందా అని తర్వాత చాలాసార్లు తనను తానే అడిగాడు. జవాబు దొరికే లోపలే ఆలోచన మానేసేవాడు. ఒక్కటి మాత్రం తెలుసు. తప్పు నెత్తిన వేసుకోవడంలో కూడా మెప్పు వాడికే దక్కింది.

సెప్టెంబరులో నోటీసు బోర్డు మీద నంబర్ వన్‌గా నార్మన్ సగ్డెన్ పేరు పడింది. క్లిఫర్డ్‌కు ఒకటే దారి అన్నారు: గౌరవంగా ఇంటికి వెళ్ళడం.

వెళ్ళాడా? వెళ్ళలేదు. మరుసటి ఏప్రిల్‌లో కొత్త బ్యాటరీ మొదటి మంగళవారం నాడు చేతి మీది మూడు సార్జెంటు పట్టీలూ విప్పించుకుని, మామూలు గన్నరుగా వచ్చి నిలబడ్డాడు. కుట్టు పోగుల గుర్తులు ఇంకా కనిపిస్తున్నాయి.

“నంబర్ ఐదు ఖాళీ అంట కదా, సార్జెంట్. గుండ్లు మోస్తాను. నడుముకి మంచిదని డాక్టరు చెప్పాడు.”

డాక్టరు ఆ మాట చెప్పి ఉండడు. కాని మనుషులంతా నంబర్ ఐదు చుట్టూ చేరారు. నార్మన్ ఫిరంగి వెనక, నంబర్ వన్ నిలబడే చోట, ఒక్కడే నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళు క్లిఫర్డ్‌ను చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. తీరా ఊళ్ళో మిగిలిన ఒక్క చోటూ తన చేతికి వస్తే, నవ్వులు నాలుగడుగుల అవతలే ఉండిపోయాయి. ఆజ్ఞ ఇస్తే పాటించేవాళ్ళు. పాటించాక క్లిఫర్డ్ వైపు చూసేవాళ్ళు.

ఆరు వారాలు ఓర్చుకున్నాడు. ఏడో మంగళవారం డ్రిల్లు మధ్యలో మనుషుల్ని అక్కడే నిలబెట్టి మేజర్ గదికి వెళ్ళాడు. నిజాయితీ పొంగుకొచ్చి కాదు. వాడి మంచితనం కింద పడి నలగలేక. నిజం ఒప్పుకుంటే ఒక్కరోజైనా ఆ మంచిపేరు తనకు వస్తుందన్న ఆశ కూడా లేకపోలేదు.

“సార్, పోయిన క్యాంపులో రిపీట్ అన్నది నేను. హేగ్ చెవికి ఏమీ కాలేదు.”

మేజర్ తల ఎత్తలేదు. “తెలుసు సగ్డెన్. వైర్‌లెస్‌లో నాకూ వినిపిస్తుందిగా. ఆ మాట విని గుట్ట వెనక బోర్లా పడుకున్నాను. ఎంత బురదో నా ప్యాంటునే అడుగు.”

తన గొంతు మేజర్ దాకా వెళ్ళి ఉంటుందన్న సంగతి, నార్మన్ ఇంతకాలం తెలిసినా తెలియనట్టే ఉంచుకున్నాడు.

“మరి ఫిరంగి నాకెందుకిచ్చారు?”

“ఆ సంగతి వదిలెయ్యి.”

“చెప్పండి సార్.”

మేజర్ పొగ తాగే పైపు కింద పెట్టాడు. “హేగ్ వచ్చి అడిగాడు. ‘నాకు వాయించడానికి బ్యాండుంది, పందేలకు పావురాలున్నాయి, ఇంటినిండా పిల్లలున్నారు. నార్మన్‌కి ఉన్నది మంగళవారం ఒక్కటే సార్. అది తీసెయ్యకండి’ అన్నాడు.”

నార్మన్ సెల్యూట్ చేసి బయటికి వచ్చాడు. నడవాలో ఆగి చేతి మీది పట్టీల్ని పట్టుకున్నాడు. పీకి వాడి మొహాన కొట్టాలనిపించింది. కొట్టాక? వచ్చే మంగళవారం ఏడింటికి ఎథెల్ ఎదురుగా కూర్చుని గడియారం చప్పుడు వినాలి. వాడు చెప్పింది అబద్ధమైతే క్షమించేవాడు. ఇరవై ఏళ్ళలో ఎవరూ తనను ఇంత సరిగ్గా చూడలేదు. చూసినవాడు కూడా వాడే కావాలా?

హాల్లో క్లిఫర్డ్ గుండు చేతుల్లో పెట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

“ఎక్కడికి పోయావు సార్జెంట్, చేతులు ఊడొస్తున్నాయి.”

అందరూ నవ్వారు. ఆ మనిషిని అంతగా ఎన్నడూ ద్వేషించలేదు నార్మన్. వెళ్ళి తన చోట నిలబడ్డాడు.

“లోడ్,” అన్నాడు.

తొమ్మిదికి డ్రిల్లు అయిపోయింది. క్లిఫర్డ్ గురువారం బ్యాండు ప్రాక్టీసు గురించీ, శనివారం పావురాల పందెం గురించీ చెబుతూ మనుషుల్ని వెంటేసుకుని పబ్బుకు వెళ్ళాడు. నార్మన్‌ను కూడా రమ్మన్నాడు. పనుందన్నాడు నార్మన్. ఫిరంగి మీద గుడ్డ కప్పి, హాలుకు తాళం వేసి ఇంటిదారి పట్టాడు. మిల్లు సందు మలుపు తిరిగేసరికి వేళ్ళు ముడుస్తూ నడుస్తున్నాడు. బుధ, గురు, శుక్ర, శని, ఆది, సోమ. ఇంకా ఆరు రోజులు.