కార్డు ఉంది, డ్రైవర్ లేదు

అగ్నిపర్వతం మీద కుండపోత వాన. బూడిద బురద కదిలిందంటే ఇరవై నిమిషాల్లో కింద బాన్యోస్ ఊరి వంతెన మీదికి వచ్చేస్తుంది. పైన ఏటి మట్టం ఎంతుందో చెప్పాల్సింది కాపలా గదిలో యాదిరా ముందున్న లినక్స్ లాప్‌టాప్. దానికేమో ఏటి దగ్గరి సెన్సర్ నుంచి వచ్చే కేబుల్ పెట్టినట్టే తెలియడం లేదు.

"వైరు ఊడిందేమో చూడమ్మాయ్," అన్నాడు సైరన్ మీట దగ్గరున్న ఎఫ్రయిన్.

"రెండు వైర్లు మార్చాను బాబాయ్. లైటే వెలగట్లేదు."

"మోగించేయనా మరి?"

"పోయినవారం ఊరికే మోగించి ఊరందరి చేతా తిట్లు తిన్నాం. మళ్లీ అబద్ధమైతే ఇంకెప్పుడూ ఎవరూ కదలరు."

యాదిరా కమాండ్ కొట్టి లోపలి భాగాల జాబితా చూసింది. నెట్‌వర్క్ కార్డు ఉంది. దాన్ని నడిపే డ్రైవర్ లేదు. నిన్న లేని రోగం ఇవాళెలా వచ్చింది? పొద్దున కాఫీ తాగుతూ అప్‌డేట్ నొక్కింది తనే. దాంతో లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ కొత్తది వచ్చింది. ఆ డ్రైవరేమో పాత కెర్నల్‌కి విడిగా ఎక్కించింది.

"నేనే చెడగొట్టాను బాబాయ్. కొత్తది దీనికి పడలేదు."

"కొత్త చెప్పులు కరుస్తాయమ్మా. పాతవే తొడుగు."

రీస్టార్ట్ చేసి, మెనూలో పాత కెర్నల్ ఎంచుకుంది. నిమిషం గడిచింది. సాకెట్ పక్కన ఆకుపచ్చ లైటు వెలిగింది. తెర మీద ఏటి గీత నిట్టనిలువుగా లేచింది.

"మోగించు!"

బురద వచ్చేసరికి వంతెన మీద ఒక్క బండి లేదు.