మూడు ప్రశ్నలు మానేసిన వారం

మార్చి పద్నాలుగు, శనివారం. ఆ మధ్యాహ్నం మేము తిన్నవి నాలుగు బ్రెడ్డు ముక్కలు, కాస్త వెన్న, చెరొక ఉడికించిన గుడ్డు. గుడ్ల మీద ఉప్పు నేనే చల్లాను, కొంచెం తక్కువగా. తారీఖు గుర్తుండిపోయింది తిండి వల్ల కాదు. ప్లేట్లు పక్కన పెట్టి ఒక కోటుకు గుండీ కుడుతున్న ఆవిడ ఉన్నట్టుండి "అబ్బా!" అంది. నేను కంగారుగా లేచాను. ఆవిడ తన ఎడమ చూపుడు వేలి చివర ఎర్రటి చుక్కను చూసుకుని నవ్వుతోంది.

"మాస్టారూ, సూది గుచ్చుకుంది! నాకు తెలిసింది!"

ఆవిడ మా వీధి మలుపులో పాత బట్టలు సరిచేసే కొట్టు నడుపుతుంది. వీధిలో అందరికీ టైలరమ్మ. రెండేళ్ళ కిందట రొమ్ములో గడ్డ తీశారు. తర్వాత ఎక్కించిన మందులకు జుట్టు పోయింది, నాలుకకు రుచి పోయింది, వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. జుట్టు, రుచి తిరిగొచ్చాయి. వేళ్ళే రాలేదు. బట్ట మీద మరక కనిపిస్తే గాని సూది దిగిందని తెలిసేది కాదు. కుట్టుపని చేసే మనిషికి అంతకన్నా శిక్ష ఏముంటుంది?

ఆ రోజుల్లో ఫ్లాస్కులో సూప్ పట్టుకెళ్ళిందీ, రిపోర్టులు వరుసగా ఫైలులో పెట్టిందీ నేనే. ఆ పని నాకు బాగా వచ్చు. నా భార్య ఐదేళ్ళు మంచంలో ఉంది. ఆమె పోయి ఆరేళ్ళయింది. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి నేర్చుకున్నదానికంటే ఆ ఐదేళ్ళలో నేర్చుకున్నదే ఎక్కువ.

వేలి మీద రక్తం ఆరకముందే అడిగేశాను, మిగతా రోజులు కలిసి ఉందామా అని. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, చేతికి వెన్న అంటుకుని ఉండగా.

ఆవిడ నవ్వు ఆపింది. "నిన్న డాక్టరు ఏమన్నారు మాస్టారూ?"

"ఇక ఏడాదికోసారి వస్తే చాలన్నారు."

"అంటే నాకు బాగయిపోయింది. ఇప్పుడు నాతో మీకేం పని?"

"అదేం మాటండీ?"

"ఉన్న మాటే. రోజూ వచ్చి మీరు అడిగేవి మూడే. తిన్నారా, మందు వేసుకున్నారా, నీరసంగా ఉందా. ఆ మూడూ తీసేస్తే మన మధ్య ఇంకేముందో నాకు తెలియదు. మీకు తెలుసా?" దారం పుటుక్కున కొరికింది. "నాకిప్పుడు ఊరికే తిరగాలనుంది. ఉప్పు ఎక్కువ తినాలనుంది. ఎవరితోనైనా గట్టిగా పోట్లాడాలనుంది. ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి కాపురానికి రాలేను మాస్టారూ. ఒక్క వారం ఆ మూడూ అడక్కుండా ఉండండి. వచ్చే శనివారం చెబుతాను."

అదేమంత కష్టం అనుకున్నాను.

ఆదివారం వెళ్ళి కొట్టులో కూర్చుని, "తిన్..." అన్నాను. మిషను మీద ఆవిడ చెయ్యి ఆగింది. "తిన్నగా కుడుతోందే మీ మిషను" అని ముగించాను.

"పదేళ్ళుగా తిన్నగానే కుడుతోంది" అంది ఆవిడ, తల ఎత్తకుండా.

సోమవారం ఎండ గురించి మాట్లాడాను. మంగళవారం దారం బిగువు వెనక ఉన్న ఫిజిక్స్ వివరించాను. ఆవిడ ఆవులించింది. బుధవారం పూర్తిగా దొరికిపోయాను. ప్యాంటు అంచులు మడిపించుకోవడానికి ఒకామె వచ్చింది. కళ్ళ కింద నల్లటి చారలు. నా నోరు ఊరుకోలేదు. "నీరసంగా ఉందామ్మా?" అన్నాను.

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఈయన కొలతలు తీస్తారా, నాడి చూస్తారా?"

"ఆయనకి రెండూ రావు" అంది టైలరమ్మ.

ఆ సాయంత్రం నా భార్య చెల్లెలు ఫోన్ చేస్తే సంగతంతా చెప్పాను. మా మరదలు మొహమాటం ఎరగదు.

"బావా, నువ్వు చంకలో థర్మామీటర్ పెట్టి ప్రేమలేఖ ఇచ్చే రకం. అక్క విషయంలోనూ అంతే. ఆ ఐదేళ్ళలో ఒక్కరోజైనా దాంతో పోట్లాడావా?"

"జబ్బుమనిషితో ఎవరైనా పోట్లాడతారా?"

"అది పోట్లాట కోసం మొహం వాచిపోయింది బావా. మీ బావ మంచి నర్సేనే, నా మొగుడు ఎటు పోయాడో కనిపించడం లేదు అనేది నాతో."

ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను. "సూప్ మాత్రం బాగా చేస్తాడు అనేది కూడా" అని ఫోన్ పెట్టేసింది. గాయం చేసిన చేత్తోనే మందు రాసి వెళ్ళింది, పిచ్చిపిల్ల.

గురువారం, శుక్రవారం కొట్టుకు వెళ్ళలేదు. పరీక్ష పేపర్లు దిద్దాలని కబురు పంపాను. పేపర్ల కట్ట కూడా విప్పలేదు.

శనివారం సాయంత్రం ఆరింటికి వెళ్ళాను. ఆవిడ ఒక బరువైన కర్టెన్ కుడుతోంది.

"చెప్పండి మాస్టారూ. నాకు జబ్బు లేదు. నేనెందుకు మీకు?"

రెండు రోజులు కూర్చుని తయారుచేసుకున్న జవాబు ఒకటి ఉంది. బాగానే ఉంటుంది, వీడ్కోలు సభలో ఉపన్యాసంలా. తీరా నోరు తెరిస్తే అది రాలేదు.

"నాకు అలసటగా ఉందండీ" అన్నాను.

మిషను ఆగింది.

"పదకొండేళ్ళ అలసట. ఆమె ఎప్పుడు పిలుస్తుందోనని ఐదేళ్ళు సగం నిద్రే పోయాను. పోయాక పిలిచేవాళ్ళు లేరు, అయినా మిగతా సగం నిద్ర తిరిగి రాలేదు. మీకు బాగోలేనప్పుడు ఫోను దిండు కింద పెట్టుకున్నాను. మీకు నయమైందని డాక్టరు అన్నప్పుడు సంతోషం కంటే ముందు, హమ్మయ్య, ఇక చతికిలబడొచ్చు అనిపించింది. ఆ మాట మీకు చెప్పడానికి సిగ్గేసింది. చతికిలబడటానికి ఈ కొట్టు తప్ప ఇంకో చోటు తట్టడం లేదు. దీనివల్ల మీకు ఒరిగేదేమిటో నాకు తెలియదు."

ఆవిడ కర్టెన్ మడతలు చేత్తో సర్దింది. తర్వాత అంది, "రెండేళ్ళలో మీరు నాతో చెప్పిన మీ సంగతి ఇదొక్కటే."

"మొన్న ఫిజిక్స్ చెప్పాను కదా."

"ఫిజిక్స్ లెక్కలోకి రాదు."

లేచి, గోడవారనున్న పాత సోఫా మీది బట్టల గుట్టను నేల మీదికి నెట్టింది. "పడుకోండి."

"ఇక్కడా? ఎవరైనా వస్తే?"

"సరిచెయ్యమని ఎవరో ఇచ్చి వెళ్ళారని చెబుతాను."

పడుకున్నాను. సోఫా పొట్టి, నా కాళ్ళు బయటికి వేలాడాయి. ఆవిడ ఒక స్టూలు తెచ్చి పాదాల కింద పెట్టింది.

"మరి జవాబు?" అన్నాను.

"సరేనంటున్నాను. కానీ మీ ఇంటికి రాను, అక్కడ మనుషుల కంటే ఫ్లాస్కులు ఎక్కువ."

"నా పుస్తకాలు కొట్టు వెనకున్న మీ గదిలో పట్టవు."

"సగం అమ్మేయండి."

"అమ్మను."

"హమ్మయ్య, పోట్లాట మొదలైంది. రేపు కానిద్దాం, కళ్ళు మూసుకోండి."

మూసుకున్నాను. మిషను చప్పుడు మళ్ళీ వస్తుందేమోనని ఎదురుచూశాను, రాలేదు. కర్టెన్‌ను చేత్తోనే కుడుతోంది. బరువైన బట్టలోంచి దారం లాగుతున్న మెత్తటి చప్పుడు. ఎవరో గుమ్మంలోకి వస్తే ఆవిడ గుసగుసగా "సోమవారం రండి" అంది. పిలుపు వస్తుందని చెవి రిక్కించి ఉంచే అలవాటు నాలో ఎక్కడో ఒక్కొక్క వేలే పట్టు వదులుతోంది.

సగం నిద్రలో చూశాను. ఆవిడ లైటు తగ్గించింది. చెప్పులు విప్పి వీధి తలుపు దాకా నడిచింది. ఆ తలుపు అడుగు నేలకు గీసుకుంటుంది. రెండు చేతులతో దాన్ని కొంచెం పైకెత్తి, చప్పుడు కాకుండా మూసింది.