బొడ్డు జారలేదు

రుఖ్సోరా నడుం దాకా తందూరులోకి వంగి రొట్టె అంటించింది. లేవడానికి మాత్రం గట్టు పట్టుకోవాల్సి వచ్చింది. పొత్తికడుపులో ఎడంపక్క కోస్తున్నట్టుంది.

అత్త అయ్‌షమో చూడనే చూసింది. "ఏమే, రెండో నెలకే ఇన్ని వయ్యారాలా? నీ మొగుడు సఫరలీ కడుపులో ఉండగా నేను చేనంతా పత్తి ఏరాను."

వెక్కిరింపే, కానీ గొంతులో మురిపెం ఉంది. పెళ్లయిన మూడేళ్లకు కోడలికి నెల తప్పింది మరి. రష్యాలో పని చేస్తూ ఏటా చలికాలం వచ్చి వెళ్లే కొడుకుకి ఆ కబురు ఫోన్లో చెబుతూ ఆవిడ ఏడ్చేసింది. అంతకుముందు వీధంతా రుఖ్సోరాను గొడ్రాలన్నది. ఈ ఏడూ కడుపు పండకపోతే పుట్టింటికి పంపేద్దామన్నది ఈ అత్తే.

"అత్తయ్యా, మూడు రోజుల్నించి కొంచెం కొంచెం రక్తం కనబడుతోంది. భుజం కూడా లాగేస్తోంది."

"భుజం తందూరు పనికి. రక్తమంటే బొడ్డు జారిందన్నమాట. బొడ్డు ఎక్కించే హదియా పిన్నిని పిలుస్తాలే."

"ఆసుపత్రికి వెళ్తే..."

"అక్కడ మగ డాక్టరుంటే? నీ మొగుడికి నేను జవాబు చెప్పుకోవాలా?"

చదివేవాళ్లు ఇక్కడ మొహం తిప్పుకోకండి. మా కూలోబ్ ఊళ్ల వైపు బొడ్డు జారని ఆడది లేదు. నడుం నొప్పికీ అదే, వాంతికీ అదే, రక్తానికీ అదే. హదియా చెడ్డమనిషీ కాదు. నూనె రాసి, రెండు పిడికిళ్లతో పొత్తికడుపును పైకి తోసింది. "సంచి కిందికి దిగింది పిల్లా, లేపుతున్నా, ఓర్చుకో."

మూడోసారి తోసినప్పుడు రుఖ్సోరా అరవలేదు. మొహం పాలిపోయి కళ్లు తేలేసింది.

పక్కింటివాళ్ల కారులో జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టర్ మవ్జూనా కోసి చూస్తే కడుపునిండా నెత్తురు. పిండం గర్భసంచికి చేరనేలేదు. దారిలో సన్నటి గొట్టంలో ఇరుక్కుని పెరిగింది, గొట్టం పగిలింది. దాన్ని తీసేసి, నలుగురి రక్తం ఎక్కిస్తే మనిషి దక్కింది.

మర్నాడు డాక్టర్ మంచం పక్కన కూర్చుని అత్తతో అంది. "రక్తం కనిపించిన రోజే తెస్తే పగలకముందే చూసేవాళ్లం అమ్మా. రెండో గొట్టం కూడా పాత చీముతో అతుక్కుపోయింది. ఇక కాన్పు చాలా కష్టం." కోడలివైపు తిరిగింది. "ఎప్పుడైనా జ్వరం, కడుపునొప్పి, తెల్లబట్ట వచ్చాయా?"

"నిరుడు. ఆయన వచ్చి వెళ్లాక. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు."

"కొందరికి ఏ కారణం లేకుండానే ఇలా అవుతుంది. నీకు కారణం ఉంది, అప్పుడు అంటిన రోగమే. ఈ వార్డులో నీలాంటివాళ్లు ఇంకో ఇద్దరున్నారు. వాళ్ల మొగుళ్లూ రష్యాలోనే."

అయ్‌షమో అక్కడే స్పీకరు పెట్టి కొడుక్కి ఫోన్ కలిపింది. "ఒరే, అక్కడ నీకేమన్నా రోగం తగిలిందా?"

"ఎప్పటి మాటమ్మా. సూదులు వేయించుకున్నా, తగ్గిపోయింది."

"దీనికి చెప్పావా?"

"ఆడదానికి అలాంటివెలా చెప్తారు?"

"మేం దీన్ని గొడ్రాలంటుంటే మాత్రం ఫోన్లో వింటూ కూర్చున్నావు."

ఆవిడ ఫోన్ పెట్టేసింది.

"అత్తయ్యా, నన్ను పంపేస్తారా?" అంది రుఖ్సోరా.

"పంపాల్సింది నిన్ను కాదు," అంది అయ్‌షమో. కొడుకుని తిట్టడానికి నోరు తెరిచింది గానీ, తిట్టేటప్పుడు తన పేరు కూడా కలపాల్సి వస్తుందని తెలిసి ఆగిపోయింది. కోడలు గోడవైపు తిరిగింది. ఎంత మంచి మాటైనా అతుక్కుపోయిన గొట్టాన్ని తెరవదు.

డాక్టర్ మవ్జూనా లేచి, వార్డులో ఉన్న అత్తలందరికీ వినబడేలా చెప్పింది: "నెల తప్పిన పిల్ల ఒకపక్క నొప్పంటే, రక్తమంటే, కడుపు మీద చెయ్యి వెయ్యనీకండి, ఆ పూటే ఇక్కడికి తీసుకురండి. మీ కొడుకు ఆ రోగానికి సూది వేయించుకుంటే, కోడలికీ అదే రోజు వైద్యం చేయించండి."