మగపెళ్ళివారి పాస్‌వర్డ్

కంకిపాడు దాటాక కాలవ పక్కనున్న కల్యాణ మండపంలో ఆ రోజు పొద్దున పెళ్ళి. సన్నాయి వాళ్ళకంటే ముందే నాగవేణి వచ్చేసి, ఆఫీసు గదిలో లాప్‌టాప్ తెరుచుకు కూర్చుంది. బెంజ్ సర్కిల్ దగ్గర సొంతంగా నెట్‌వర్క్ ఆఫీసు పెట్టుకున్నాక ఆమెకు దొరికిన మొదటి పెద్ద పని ఇది. తన పెళ్ళయినా ఇంత కంగారుపడేది కాదేమో.

మండపం యజమాని వెంకటకృష్ణారావుగారికి ఒక పట్టుదల ఉంది. "విడిది వేరుగా ఇస్తున్నప్పుడు నెట్ మాత్రం కలిపి ఇస్తామా అమ్మా? ఆడపెళ్ళివారికి వేరే, మగపెళ్ళివారికి వేరే ఉండాల. మగపెళ్ళివారికి కాస్త స్పీడెక్కువుండాల. మర్యాద!" అన్నారు.

నాగవేణి ముందురోజే అలాగే ఏర్పాటు చేసి, రెండు వైపులవాళ్ళకీ చెరో పాస్‌వర్డ్ పంపింది. ఎవరైనా ఫోనులో పాస్‌వర్డ్ కొట్టగానే ఆథెంటికేషన్ సర్వర్ అది సరిచూసి, వీళ్ళు ఫలానా వైపువాళ్ళని తేల్చి, ఆ వైపుకు కేటాయించిన నెట్ అడ్రసుల్లో, అంటే నంబర్లలో, ఖాళీగా ఉన్నదొకటి ఆ ఫోనుకిస్తుంది. ఆ ఫోను వెళ్ళిపోతే అదే అడ్రసు మరొకరికి వస్తుంది. అడ్రసు దొరక్కపోతే నెట్ లేదు. మగపెళ్ళివారు ఎంతమంది వస్తున్నారో ముందే కనుక్కుని, వాళ్ళకి సరిపడా పెట్టి, పైన ఇంకొన్ని కూడా ఉంచింది.

మగపెళ్ళివారి బస్సొచ్చాక, టిఫిన్ల వేళకి గొడవ మొదలైంది. పెళ్ళికొడుకు పెదనాన్న రత్తయ్యగారు కండువా దులిపి భుజానేసుకుని ఆఫీసు గది గుమ్మంలో నిలబడ్డారు.

"నెట్ పెట్టింది నువ్వేనా అమ్మా? మావాళ్ళలో చాలామందికి రావట్లేదు. ఆడపెళ్ళివాళ్ళ పిల్లలు చూస్తే వీడియోల మీద వీడియోలు చూసుకుంటున్నారు. ఏం, మేం వాళ్ళకి లోకువా? ఇది తేలేదాకా మా వైపు ఒక్కళ్ళూ టిఫిన్ ముట్టరు."

నాగవేణి వెంటనే లాప్‌టాప్ వైపు తిరిగింది. సర్వర్ చూస్తే మగపెళ్ళివారి అడ్రసులు నిజంగానే అయిపోయాయి. బస్సు దిగి టీ అన్నా తాగని మనుషులు అప్పుడే అన్నీ ఎలా వాడేశారు? ఇంకాస్త వెతికితే, వాటిలో సగానికి పైగా మేడమీదున్న వైఫై డబ్బా నుంచి వెళ్ళినవే. మేడమీద ఉన్నది పెళ్ళికూతురి గది.

"ఒకసారి పైకెళ్ళి చూసొస్తానండీ."

"పద, నేనూ వస్తా. అదేందో నా కళ్ళతోనే చూస్తా."

ఆయన వెంటపడితే అసలుకే మోసం. కానీ వద్దనడానికి నోరు రాలేదు. పెళ్ళికూతురి తండ్రి గోపీనాథ్‌గారు, సంగతేమిటో తెలియకపోయినా, ఎందుకైనా మంచిదని చేతులు జోడించుకుని వాళ్ళ వెనకాలే మెట్లెక్కారు.

గదినిండా ఆడపిల్లలు. అందరి చేతుల్లోనూ ఫోన్లు. రత్తయ్యగారిని చూడగానే ఆ ఫోన్లన్నీ వీపుల వెనక్కి వెళ్ళిపోయాయి.

"మీరంతా ఏ పాస్‌వర్డ్ కొట్టారమ్మా?" అని నాగవేణి మెల్లగా అడిగింది.

పెళ్ళికూతురు ఉషశ్రీకి పూలజడ కుడుతున్నారు. తల తిప్పే వీల్లేక అద్దంలోకే చూస్తూ మాట్లాడింది. "తప్పు నాదేనండీ మావయ్యగారూ. నిన్న సాయంత్రం మా వైపు నెట్ నెమ్మదిగా ఉంటే మీ పాస్‌వర్డ్ కొట్టాను. నన్ను చూసి వీళ్ళూ కొట్టేశారు."

"మా పాస్‌వర్డ్ నీకెవరిచ్చారమ్మా?"

ఉషశ్రీ తల వంచుకుంది. "కదలకమ్మాయ్, జడ ఊడొస్తది" అని కుడుతున్నావిడ కసిరింది.

"జయంత్ బావ!" అని వెనకనుంచి ఓ పిల్ల అరిచేసింది.

రత్తయ్యగారు గోడకి చెయ్యానించి మరీ నవ్వడం మొదలుపెట్టారు.

"మా జయంతే! ఇంకో ముద్ద పెట్టమని అడగడానికి మొహమాటపడి చస్తాడే! వాడు తాళి కట్టకముందే ఇంటి తాళాలు అప్పజెప్పేశాడా!"

"కాసేపట్లో మీ మనిషినేగా మావయ్యగారూ" అంది ఉషశ్రీ అద్దంలోంచే.

ఆ మాటతో గది గదంతా ఘొల్లుమంది. నాగవేణికి ఊపిరొచ్చింది. "ఈ ఫోన్లన్నీ ఇప్పుడే తీసేస్తానండీ, మీవాళ్ళకి ఖాళీ అవుతుంది" అంది.

"తియ్యమాకు. పిల్లలు ముచ్చటపడుతున్నారు. మా వైపు ఇంకాస్త చోటు పెంచే వీలుందా?"

"ఉందండీ, క్షణంలో పని."

నాగవేణి కిందికి పరిగెత్తి, మగపెళ్ళివారికి కేటాయించిన అడ్రసులు ఇంకొన్ని పెంచింది. వరండాలో ఒక ఫోను మోగింది, తరవాత పది మోగాయి. "వచ్చింది, వచ్చింది!" అని కేకలు. ఆ ఊపులోనే రెండు వైపులకీ స్పీడు సమానం చేసేయనా అని వెంకటకృష్ణారావుగారిని అడిగింది. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు. "మరి మర్యాదో?"

"మర్యాద నెట్‌లో ఏముందయ్యా! ఇడ్లీలు వేడిగా ఉన్నాయా లేదా, అది చెప్పు" అన్నారు రత్తయ్యగారు మెట్లు దిగుతూ. ఇంకా చేతులు జోడించుకునే ఉన్న గోపీనాథ్‌గారి భుజమ్మీద చెయ్యేసి, "దించండి బావగారూ ఆ చేతులు. రండి, ఆకలి దంచేస్తంది" అంటూ టిఫిన్ల వైపు లాక్కుపోయారు.

మంగళసూత్రం పడే వేళకి నాగవేణి కూడా అక్షింతలు చల్లింది. ఇప్పుడు ఇంతమంది ఒకేసారి వీడియోలు పంపుతున్నా నెట్ ఎక్కడా ఆగలేదు. పట్టలేని సంతోషంతో, మంగళగిరిలో మగ్గం మీదున్న తల్లి నాగమల్లేశ్వరికి వీడియో కాల్ చేసింది.

"అమ్మా, చూడు! ఇదంతా నేను పెట్టిన నెట్టే. ఎక్కడన్నా ఆగిందా?"

నాగమల్లేశ్వరి మొహం ఫోనుకి ఆనించి మరీ చూసింది. "బంగారు తల్లివే. సరేగానీ, పెళ్ళికూతురి చీర అంచు సరిగ్గా కనపడట్లేదు. ఎక్కడి నేతో చూస్తా, కాస్త దగ్గరికెళ్ళవే."

"పెళ్ళి జరుగుతుంటే ఎలా వెళ్ళేదే!"

"పక్కనుంచి వెళ్ళు."

నాగవేణి నవ్వు ఆపుకుంటూ, ఫోను పైకెత్తి పట్టుకుని, తలంబ్రాలు పోసుకుంటున్న జంట వైపు జనంలోంచి దూరిపోయింది.